రేపటి సంగతి తెలియనప్పుడు దేవుడు నడిపిస్తున్నాడని ఎలా నమ్మేది?

విభాగం: విశ్వాసం, కుటుంబం

చిన్నచౌకు_చెల్లి | సోమవారం, రాత్రి 10:12

అందరికీ వందనాలు. మాది కడప. మా ఆయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్. ఖాదిం వీసా, అంటే ఇళ్ళలో పనిచేసేవాళ్ళకిచ్చే వీసా. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) గడువు దగ్గరికొచ్చింది. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఒకరోజు రెన్యువల్ చేయిస్తా అంటాడంట, ఇంకోరోజు చూద్దాంలే అంటాడంట. దానికితోడు టీవీ పెడితే చాలు, ఆ చుట్టుపక్కల దేశాల గొడవలే. ఇంటి అప్పు ఇంకా తీరలేదు, పిల్లలు చదువుకుంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్‌నైట్ ఆరాధనలో ఈ ఏడాదికి నాకొచ్చిన వాగ్దాన కార్డు యిర్మీయా 29:11. దేవుడు మన గురించి తలచేది మేలే గాని కీడు కాదు అనే వచనం. ఫ్రిజ్ మీద అతికించుకున్నా. పొద్దున చదివితే ధైర్యంగా ఉంటుంది, సాయంత్రం వార్తలు చూస్తే మళ్ళీ టెన్షన్.

ఆయన్ను వచ్చేయమనాలా, అక్కడే ఉండమనాలా? దేవుని చిత్తం ఏదో ఎట్లా తెలుస్తుంది? మా అత్త చీట్లు వేసి ప్రార్థన చేసి తీద్దాం అంటోంది. ఇంకొకటి. యూట్యూబ్‌లో ఒక సేవకుడు పెద్ద కరువు రాబోతోంది, ఆరు నెలల తిండి నిల్వ పెట్టుకోండి అన్నాడు. మా వదినేమో అట్లా పెట్టుకుంటే దేవుని మీద నమ్మకం లేనట్టే అంటోంది. ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


మెలకువ | సోమవారం, రాత్రి 10:40

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఇవి చివరి దినాలు. మత్తయి 24లో యుద్ధాలు, కరువులు, భూకంపాలు అని రాసినవన్నీ మన కళ్ళముందే జరుగుతున్నాయి. వచ్చే సంవత్సరం ఏం జరగబోతోందో దర్శనంలో చూసిన సేవకుని మెసేజ్ ఇది, తప్పకుండా వినండి: [లింకు తొలగించాం]


నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 10:55

ఫలానా తేదీకి ఫలానాది జరుగుతుందని చెప్పే వీడియోలు ఈ విభాగంలో పెట్టొద్దు. ఆ చెల్లెమ్మ అడిగింది వేరే. దానికి జవాబు రాయండి.


తుంగభద్ర_గట్టు | మంగళవారం, ఉదయం 6:05

అమ్మాయ్, నేను కర్నూలులో టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పాతబస్తీ మాది. 2009 సంగతి చెప్తాను విను.

ఆ ఏడాది వానల్లేవు. ఆగస్టు వచ్చినా చినుకు కోసం మా సంఘంలో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. గుళ్ళలో, మసీదుల్లో కూడా అదే ప్రార్థన. సెప్టెంబరు ఆఖరులో మొదలైంది వాన. అక్టోబరు 2, గాంధీ జయంతి. సెలవు కదా అని పిల్లలు తీరిగ్గా లేస్తారనుకున్నాం. తుంగభద్ర ఒకవైపు, హంద్రీ ఇంకోవైపు. ఊళ్ళోకి నీళ్ళొచ్చేశాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిన రోజులవి. మా ఇంటికి మేడ లేదు. పక్కవీధిలో ఒక సాయిబుల మేడ మీదికి ఎక్కాం. అక్కడ ఎన్ని కుటుంబాలు చేరాయో లెక్కే లేదు. వాళ్ళింట్లో ఉన్న బియ్యం అందరికీ అన్నమైంది.

నీళ్ళు తీశాక ఇళ్ళలో మోకాటి లోతు బురద. అప్పుడొచ్చారు ఒక్కొక్కరే, "ఈ సంగతి ప్రభువు నాకు ముందే చూపించాడు" అంటూ. నాకు ఒళ్ళు మండి అడిగాను, మరి ముందురోజు రాత్రి మా తలుపు కొట్టి ఎందుకు చెప్పలేదయ్యా అని. జవాబు లేదు.

వాళ్ళను ఎగతాళి చెయ్యాలని ఇది రాయడం లేదు. ఆ రోజు దేవుడు మమ్మల్ని నడిపించాడనే నేను నమ్ముతా. కాకపోతే దర్శనం రూపంలో కాదు. మా ఆయనతో మామూలుగా పలకరింపులున్న ఆ మేడ ఇంటాయన గేటు తీసి, "రండమ్మా, పైకి రండి" అన్నాడే, ఆ మాటలో. మనసును సిద్ధం చేసుకోవడమంటే నాకు తెలిసినంతలో ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉండటం సగం పని.


కళ్యాణదుర్గం_రైతు | మంగళవారం, ఉదయం 7:30

టీచరమ్మ మాటకు నమస్కారం. తిండి నిల్వ గురించి నేను చెప్తా చెల్లెమ్మా.

మాది అనంతపురం జిల్లా. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడాది అనుకుంటాం. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసేస్తాయి, ఈశాన్యానివి మా దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. అందుకే మాకు "అనిశ్చిత కాలం" అని ప్రత్యేకంగా ఒకటి ఉండదు, ప్రతి జూన్ అట్లాంటిదే. అయినా మా తాత ఇంట్లో విత్తనం కాయలు మూటగట్టి పెట్టకుండా ఏ సంవత్సరమూ ఉండలేదు. పిల్లలు ఏడ్చినా ఆ మూట విప్పేవాడు కాదంట. ఆయన ప్రార్థనాపరుడే. ఆ మూట అపనమ్మకం అని ఎవరన్నా అంటే నవ్వేవాడేమో.

పాతకాలంలో మా ఊళ్ళో జొన్నలకు పాతరలు ఉండేవి. 1876, 77ల్లో వచ్చిన ధాత కరువు కథలు మా అవ్వ వాళ్ళ అవ్వ చెప్పిందని చెప్పేది. కరువు చూసిన నేలలో పాతర తవ్వుకోవడం భయం కిందికి రాదు, బుద్ధి కిందికి వస్తుంది. ఆదికాండం 41లో యోసేపు చేసింది అదే కదా? తర్వాత రాబోయే కరువుకని ఏడేళ్ళ పంటలో ఐదో వంతు తీసి పెట్టమన్నాడు ఐగుప్తు రాజు ఫరోకు.


మెలకువ | మంగళవారం, ఉదయం 8:02

బ్రదర్, యోసేపుకు దేవుడు కల భావం చెప్పాడు కాబట్టి నిల్వ చేశాడు. మరి నిర్గమకాండం 16లో దేవుడు రోజూ ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారాన్ని రేపటికి దాచుకున్నవాళ్ళకు పురుగులు పట్టి కంపు కొట్టింది కదా? అప్పుడు దాచుకోవద్దన్నాడు, ఇప్పుడు దాచుకోమంటున్నాడు. అందుకే ఇప్పటి కాలపు ప్రవక్తల మాట వినాలి అంటున్నా.


కళ్యాణదుర్గం_రైతు | మంగళవారం, ఉదయం 8:20

మంచి ప్రశ్నే వేశారు. కానీ అదే అధ్యాయంలో ఆరో రోజు రెండింతలు ఏరుకోమన్నాడు, అది చెడిపోలేదు. ఎందుకంటే ఏడో రోజు దొరకదు. అంటే దాచడం తప్పు కాదు. రేపు కూడా ఇస్తానని ఆయన మాట ఇచ్చిన చోట దాచుకోవడం తప్పు. రేపు ఉండదని తెలిసిన చోట దాచుకోకపోవడం సోమరితనం. మా చేనుకు వానొస్తుందని ఎవరూ నాకు మాట ఇవ్వలేదు, కాబట్టి నా మూట నేను కట్టుకుంటా.

ఇంకొకటి. యోసేపు గోదాములు ఐగుప్తు జనమంతటి కోసం. ఆ యూట్యూబాయన చెప్పేది ఎవరింటి తలుపు వాళ్ళు వేసుకుని తినమని. రెండూ ఒకటి కావు.


మైదుకూరు_మావ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను హిందువును, మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నా. ఒక్క ముక్క. మాకు బ్రహ్మంగారి మఠం దగ్గర. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇదంతా కాలజ్ఞానంలో ఉందని వాట్సాప్ నిండా పద్యాలు తిరిగాయి. అందులో ఏవి స్వామివి, ఏవి మొన్న రాత్రి ఎవరో రాసినవి అని అడిగినవాడు లేడు. అదే బ్రహ్మంగారు బనగానపల్లెలో అచ్చమ్మ గారింట పశువులు కాశారని మన పెద్దలు చెప్పుకుంటారు. రాబోయేది తెలిసిన మనిషి కూడా పొద్దున లేస్తే ఆవుల వెంట పోయాడు. మనం ఫోన్ వదలం.


సంఘ_సేవకుడు | మంగళవారం, రాత్రి 9:10

చెల్లెమ్మా, వందనాలు. జమ్మలమడుగు వైపు పల్లెల్లో చిన్న సంఘం నాది. మీ కార్డు మీద ఉన్న వచనం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీకు కావలసింది ఆ అధ్యాయంలోనే ఉంది.

యిర్మీయా 29 ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్ళకు రాసింది. సొంత ఊరు వదిలి పరాయి దేశంలో, ఎప్పుడు తిరిగొస్తామో తెలియకుండా ఉన్న మనుషులు వాళ్ళు. మీ ఇంటాయన పరిస్థితికి దగ్గరే. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొస్తారు అని ప్రకటించాడు. జనానికి వినసొంపుగా ఉంటుంది కదా ఆ మాట. యిర్మీయా రాసిందేమో డెబ్బై ఏళ్ళు అని. ఆ డెబ్బై ఏళ్ళ మాట చెప్పిన వెంటనే వచ్చేదే మీ కార్డు మీది వచనం.

అంతకంటే పైన, 5 నుంచి 7 వచనాలు చదవండి. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న పట్టణం బాగుండాలని ప్రార్థించండి. చెరలో ఉన్నవాళ్ళకు దేవుడు చెప్పిన సిద్ధపాటు అది! గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చోమనలేదు. అట్లాగని రేపే విడుదల అని ఆశ పెట్టలేదు. కార్డు మీద ఒక్క వచనం పట్టడానికే చోటుంటుంది, అది అచ్చు వేసేవాళ్ళ తప్పు కాదు. కానీ కార్డు దగ్గరే ఆగిపోతే సాయంత్రం వార్తలొచ్చేసరికి బలం అయిపోతుంది.

అదే యిర్మీయా, 32వ అధ్యాయంలో, శత్రువులు పట్టణం చుట్టూ ముట్టడి వేసి ఉన్నప్పుడు అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షులను పెట్టి, క్రయపత్రాలు మట్టికుండలో భద్రం చేయించాడు. దేశం పోతుందని చెప్పిన మనిషే రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడన్నమాట. నాకు బైబిల్లో బాగా నచ్చే సంగతుల్లో ఇదొకటి.

చీట్ల గురించి. అపొస్తలుల కార్యములు 1లో యూదా స్థానంలోకి మత్తీయను చీట్లు వేసే ఎన్నుకున్నారు, నిజమే. పెంతెకొస్తు, అంటే పరిశుద్ధాత్మ దిగొచ్చిన రోజు, తర్వాత శిష్యులు మళ్ళీ అట్లా చేసినట్టు రాసిలేదు. ప్రార్థించారు, కూర్చుని మాట్లాడుకున్నారు, తీర్మానించారు. ఈ విషయం మీద అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. ఆమెను కూడా మీతో కూర్చోబెట్టుకుని ప్రార్థన చేయండి, చీటీల సంగతి ఆమే మర్చిపోతుంది.


చిన్నచౌకు_చెల్లి | మంగళవారం, రాత్రి 10:30

అయ్యగారూ, ఇప్పుడే ఆ అధ్యాయం మొత్తం చదివా. డెబ్బై ఏళ్ళు అనేది చూసి ముందు దిగులేసింది, తర్వాత తోటలు నాటండి అన్న చోట ఏడుపొచ్చింది. ఒక్కటి అడుగుతా. నిజంగా నమ్మకం ఉన్నవాళ్ళకు భయం ఉండకూడదా? మా ప్రార్థన గుంపులో ఒకామె, భయపడితే అది సాతాను పని, విశ్వాసం లేదన్నమాట అంటుంది. ఆమె మాట విన్నాక భయంతోపాటు తప్పు చేశాననే బాధ కూడా.


సంఘ_సేవకుడు | మంగళవారం, రాత్రి 10:48

కీర్తన 56:3 చూడండి. దావీదు అక్కడ తనకు భయమే లేదనలేదు. భయం కలిగిన రోజున నిన్ను ఆశ్రయిస్తాను అన్నాడు. భయం కలిగిన రోజులు ఆయనకూ ఉన్నాయి. ప్రభువే గెత్సేమనే తోటలో ఎంత వేదన పడ్డాడో తెలుసు కదా. ఆమెతో వాదించకండి. తర్వాతి ఆదివారం పక్కన కూర్చోండి, అంతే.


దర్గా_వీధి | బుధవారం, ఉదయం 11:20

అక్కా, నేను ముస్లింని, మాదీ కడపే. పెద్ద దర్గా దగ్గర. మా ఇంట్లోనూ ముగ్గురు కువైట్‌లో ఉన్నారు కాబట్టి మీ బాధ నాకు తెలుసు. మాలో ఏదన్నా నిర్ణయం తీసుకునే ముందు ఇస్తిఖారా అని ఉంటుంది. రెండు రకాతుల నమాజు చదివి, ఈ పని నా దీన్‌కూ (ధర్మానికీ) బతుకుకూ మంచిదైతే సులువు చెయ్యి, కాకపోతే దీన్ని నా నుంచి తప్పించు, మంచి ఎక్కడుంటే అది నాకు రాసి దానితో నన్ను తృప్తి పరచు అని దుఆ చేస్తాం. చాలామంది దాని తర్వాత కల రావాలని ఎదురుచూస్తారు. మా పెద్దలు మాత్రం కల కోసం చూడకు, నలుగురిని అడుగు, పనిలోకి దిగు, తలుపు తెరుచుకుంటుందో మూసుకుంటుందో చూడు అంటారు.

ఒంటెను వదిలేసి అల్లాహ్ మీద భరోసా పెట్టాలా అని ఒకాయన అడిగితే, ముందు కట్టెయ్, తర్వాత భరోసా పెట్టు అని ప్రవక్త గారు చెప్పిన హదీసు మీరూ వినే ఉంటారు. కువైట్ విషయంలో కట్టెయ్యాల్సినవి చాలా ఉన్నాయి. బావ పాస్‌పోర్టు, సివిల్ ఐడీ జిరాక్సులు మీ దగ్గర ఉన్నాయా? ఎమిగ్రేషన్ క్లియరెన్స్ మీద పోయినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. రెండేళ్ళకో మూడేళ్ళకో కడతారు, గడువు దాటితే మళ్ళీ కట్టాలి. అది నడుస్తోందో లేదో అడగండి. ఖాదిం వీసా కాబట్టి కఫీల్ ఒప్పుకోకుండా బయట వేరే పని పట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.


మెలకువ | బుధవారం, మధ్యాహ్నం 12:05

కాగితాలు మంచిదే. కానీ సిస్టర్ అడిగింది హృదయం గురించి. పెళ్ళికొడుకు కోసం దీపాలతో ఎదురుచూసిన పది మంది కన్యకల ఉపమానంలో బుద్ధిలేనివాళ్ళకు నూనె అప్పు దొరకలేదు. ఎవరి సిద్ధపాటు వాళ్ళదే. ఇది కూడా మర్చిపోవద్దు అందరూ.


తుంగభద్ర_గట్టు | బుధవారం, మధ్యాహ్నం 12:40

ఈ మాట నిజం నాయనా, ఒప్పుకుంటాను. ప్రార్థన నా బదులు ఇంకొకరు చేసిపెట్టేది కాదు. కానీ ఆ ఉపమానంలో పది మందీ నిద్రపోయారు, బుద్ధిగలవాళ్ళు కూడా. నూనె ఉన్నవాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు. ఈ అమ్మాయికి నిద్ర పట్టాలి ముందు.


తొంభై_కువైట్ | బుధవారం, రాత్రి 8:50

మా మనవడు ఈ చర్చ చూపిస్తే చెప్తున్నా, వాడు టైప్ చేస్తున్నాడు. మాది రాజంపేట దగ్గర పల్లె. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నా. ముందురోజు రాత్రి జీతం లెక్క వేసుకుని పడుకున్నాం. తెల్లారి లేచేసరికి ఆ లెక్కలన్నీ పోయాయి. చేతిలో ఉన్న దినార్లు చిత్తుకాగితాలయ్యాయి.

మేం కొందరం తెలుగువాళ్ళం, మలయాళీలు ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం. బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాల్లో పడున్నాం. నీళ్ళకు లైన్లు. ఆ తర్వాత అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కించారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అట్లా దాదాపు లక్షా 70 వేల మందిని తెచ్చారు. బొంబాయిలో దిగి మద్రాసు రైలెక్కి రాజంపేట స్టేషన్‌లో దిగితే నా ఒంటి మీద బట్టలు, పాస్‌పోర్టు తప్ప ఇంకేమీ లేవు.

దారి పొడుగునా మాకు తర్వాతి మజిలీ ఏదో తెలియదమ్మా. బస్రాలో ఉన్నప్పుడు బాగ్దాద్ దాకా పోతామని తెలుసు, అంతే. ఒక మలయాళీ పెద్దాయన రోజూ సాయంత్రం సంఖ్యాకాండం 9 చదివేవాడు. మేఘం గుడారం మీద నిలిచి ఉన్నన్నాళ్ళు, రెండు రోజులైనా నెలైనా ఏడాదైనా ఇశ్రాయేలీయులు కదలకుండా ఉండిపోయారని, అది లేస్తే బయల్దేరారని. ఎన్నాళ్ళుంటుందో వాళ్ళకూ ముందుగా చెప్పలేదు. ఆ సరిహద్దు గుడారాల్లో కూర్చుని అది వింటుంటే వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. తిరిగొచ్చాక రెండేళ్ళకు నేను మళ్ళీ కువైట్ పోయా. మా ఆవిడ వద్దని ఏడ్చింది. అప్పు ఉంది మరి. భయం తీరి పోలేదు, భయంతోనే పోయా. అల్లుడు రావాలా ఉండాలా అని నేను చెప్పను, అది మీరిద్దరూ అనుకోవాల్సింది. కానీ వచ్చేయాల్సి వస్తే ఏం చెయ్యాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఏ బ్యాంకులో ఎంత ఉంది, అప్పు ఎవరికెంత, నగలు ఎక్కడున్నాయి, ఇవి ఇద్దరికీ తెలిసి ఉండాల. మా కాలంలో ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళం కాదు. చాలామంది ఇళ్ళు అక్కడే దెబ్బతిన్నాయి.


కళ్యాణదుర్గం_రైతు | బుధవారం, రాత్రి 9:25

పెద్దాయనా, చేతులెత్తి దండం.

ఏలీయా ప్రవక్త సంగతి గుర్తొచ్చింది. కెరీతు వాగు దగ్గర కాకులు రొట్టె తెచ్చి ఇస్తుంటే వాగు నీళ్ళు తాగి బతికాడు. వాన లేక వాగు ఎండిపోయింది. అది ఎండిన తర్వాతే సారెపతు అనే ఊరికి పొమ్మని మాట వచ్చింది, ముందు కాదు. మా వంకలు ఎండడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, మడుగులు రోజురోజుకీ చిన్నవైపోతాయి. ఆయన రోజూ అది చూస్తూ కూర్చున్నాడు. అక్కడికెళ్తే ఎవరు పోషించాలి? చివరి పిండి పిడికెడు మిగిలిన ఒక విధవరాలు! దేవుని ప్లానింగ్ మన లెక్కలకు అందదు.


తుంగభద్ర_గట్టు | గురువారం, ఉదయం 5:50

కరువు గురించి ముందే చెప్పిన ప్రవక్త కొత్త నిబంధనలోనూ ఉన్నాడు, మెలకువ గారు ఆయన పేరు ఎత్తలేదు. అపొస్తలుల కార్యములు 11. అగబు అనే ఆయన అంతియొకయ సంఘంలో నిలబడి, లోకమంతా గొప్ప కరువు వస్తుందని చెప్పాడు. క్లౌదియ చక్రవర్తి కాలంలో వచ్చింది కూడా. ఆ సంఘం వాళ్ళు ఆ మాట విని ఏం చేశారు? తమ ఇళ్ళలో గోధుమలు నింపుకున్నారని లేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు చందా వేసి, యూదయలో ఉన్నవాళ్ళకు బర్నబా, సౌలుల చేత పంపించారు. నిజమైన ప్రవచనమా కాదా అని తేల్చడానికి నేను ఇదే చూస్తాను: అది విన్నవాళ్ళ చెయ్యి చాచుకుందా, ముడుచుకుందా?


మెలకువ | గురువారం, ఉదయం 7:15

అగబు గురించి మీరు చెప్పింది చదివాను టీచర్ గారూ. ఆలోచిస్తాను. కాలం మాత్రం దగ్గరపడిందనే నా నమ్మకం, దాంట్లో మార్పు లేదు.


తుంగభద్ర_గట్టు | గురువారం, ఉదయం 7:20

ఉండనీ నాయనా. దగ్గరపడితే ఇంకా తొందరగా చందా వెయ్యాలి.


చిన్నచౌకు_చెల్లి | శుక్రవారం, రాత్రి 9:35

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఆయనతో వీడియో కాల్‌లో చాలాసేపు మాట్లాడా. అత్తను కూడా కూర్చోబెట్టుకున్నా. రాజంపేట తాతగారు చెప్పినట్టు అప్పులు, బ్యాంకు, నగలు అన్నీ ఒక నోటుబుక్కులో రాశాం. నాకు తెలియని చేబదులు ఒకటి బయటపడింది. కాసేపు కోపమొచ్చింది గానీ ఇప్పుడు తెలియడమే మేలైంది.

అకామా గడువు దాకా అక్కడే ఉంటాడు. కఫీల్ రెన్యువల్ చేయిస్తే ఇంకో ఏడాది, చేయించకపోతే గడువు దాటి ఒక్కరోజు కూడా దొంగచాటుగా ఉండకుండా వచ్చేయాలి. ఇదే మా తీర్మానం. ముగ్గురం ప్రార్థన చేసుకున్నాం. అత్త చీట్ల ఊసెత్తలేదు. అయ్యగారు చెప్పినట్టే అయింది!

బియ్యం మామూలుగా తెచ్చే దానికంటే ఒక బస్తా ఎక్కువ తెచ్చా. వదిన చూసి ఏదో అనబోయింది. పక్కింటామె భర్త పని లేక ఇంట్లో ఉన్నాడు, సగం వాళ్ళకే అన్నా. ఇంకేం మాట్లాడలేదు. టెన్షన్ పూర్తిగా పోలేదు. వార్తలు మాత్రం రాత్రిపూట చూడటం మానేశా.

దర్గా వీధి తమ్ముడూ, బీమా గడువు అయిపోయిందంట. అక్కడి నుంచే కట్టొచ్చా, వచ్చాకే కట్టాలా? ఆయనకు అక్కడ ఈ సంగతులు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.


దర్గా_వీధి | శుక్రవారం, రాత్రి 10:02

అక్కా, మా మామకు ఆ పనులన్నీ తెలుసు, అడిగి చెప్తా. ఆయన ఫర్వానియాలో ఉంటాడు. బావ ఏ ఏరియా?


చిన్నచౌకు_చెల్లి | శుక్రవారం, రాత్రి 10:06

సాల్మియా.


దర్గా_వీధి | శుక్రవారం, రాత్రి 10:11

అయితే మరీ దూరం కాదు. వచ్చే శుక్రవారం బావకు సెలవు దొరుకుతుందేమో కనుక్కోండి, మామను కలవమని చెప్తా. నంబరు ఇక్కడ అందరి ముందూ పెట్టొద్దు, నాకు మెసేజ్ చెయ్యండి.